ఊళ్లో అమర జవాన్ల స్తూపం: స్థలం, పేర్లు, ఏటా జరిపే నివాళి

ఊళ్లో అమర జవాన్ల స్తూపం కట్టాలన్న మాట పుట్టగానే చర్చంతా మూడింటి చుట్టూ తిరుగుతుంది: చందాలు, శిల్పి, ఆవిష్కరణకు ఎవరిని పిలవాలి. ఆ స్థలం ఎవరి పేరున ఉంది, రాతి మీద ఎవరి పేర్లు ఎక్కాలి, పదేళ్ల తర్వాత అక్కడ చీపురు పట్టేదెవరు అన్న ప్రశ్నలు ఆ హడావుడిలో వెనకబడిపోతాయి. స్తూపం దెబ్బతినేది మాత్రం వీటి దగ్గరే. బొమ్మ ఎంత గంభీరంగా ఉన్నా కాగితం లేని నేల మీద నిలబెడితే రోడ్డు వెడల్పు చేసే రోజు దాకే దాని ఆయుష్షు.

మన దగ్గర ఈ అవసరం చిన్నదేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవారానికి మిలిటరీ మాధవారమన్న పేరే స్థిరపడింది. తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్లిన ఊరది. లద్దాఖ్ సరిహద్దులోని గల్వాన్‌లో 2020 జూన్ 15న నేలకొరిగిన కల్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో లేచింది. ఇంకా వెనక్కి వెళితే, ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో 1922లో నిలబెట్టిన మూడు కంచు సైనికుల్లో ఒకరు హైదరాబాద్ సంస్థానపు అశ్వికదళమైన హైదరాబాద్ లాన్సర్స్‌కు ప్రతినిధి. ఇక్కడ రాసేది అలాంటి పెద్ద కట్టడాల గురించి కాదు. రెండు మూడు వేల గడప ఉన్న ఊళ్లో, అయిదు సెంట్ల స్థలంలో, పంచాయతీ, మాజీ సైనికులు కలిసి నడుపుకొనే స్మారకం గురించి.

ముందు నేల సంగతి

అందరి మనసూ నాలుగు రోడ్ల కూడలి మీదికే పోతుంది. ఆ ఆలోచన మొదట్లోనే వదిలేయడం మంచిది. రోడ్లు, కాలిబాటలు, రోడ్డు మార్జిన్లు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు, కట్టడాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. రాత్రికి రాత్రి దిమ్మె కట్టేసి పొద్దున్నే ముసుగు తీసేస్తే ఎవరూ ముట్టుకోరన్న ధీమా చాలా ఊళ్లలో ఉంది. ముట్టుకోరు, నిజమే. కానీ దానికి కరెంటు మీటరు రాదు, ప్రహరీ కట్టనివ్వరు, పంచాయతీ నిధి పైసా ఖర్చు పెట్టలేదు. దిక్కులేని స్తూపంగా మిగిలిపోతుంది.

రెండో దారి, ఎవరో ఒక రైతు స్థలం ఇవ్వడం. అమరుడి తండ్రో అన్నో ముందుకొచ్చి "మా గట్టు పక్కన నాలుగు సెంట్లు తీసుకోండి" అంటారు. ఆ మాట గొప్పదే, కానీ మాటతో భూమి చేతులు మారదు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానం రిజిస్టరైన పత్రంతోనే చెల్లుతుంది, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. 122వ సెక్షన్‌లో ఇంకో మెలిక ఉంది: దాత బతికుండగానే పుచ్చుకునేవారు అంగీకరించాలి. అంటే పంచాయతీ పేరున గిఫ్ట్ డీడ్ రాయించి ఊరుకుంటే చాలదు, ఆ దానాన్ని స్వీకరిస్తున్నట్టు పంచాయతీ తీర్మానం వెంటనే కావాలి. ఈ రెండూ లేకపోతే గొడవ మొదలయ్యేది దాత హయాంలో కాదు, ఆస్తి పంపకాలప్పుడు. మనవళ్లు హైదరాబాదు నుంచి కొలత టేపుతో దిగుతారు.

ఇచ్చే భూమి డి-పట్టా (ప్రభుత్వం అసైన్ చేసి ఇచ్చిన భూమి) అయితే ఇంకా జాగ్రత్త పడాలి. ప్రభుత్వం అసైన్ చేసిన భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. తర్వాత వచ్చిన సవరణలు ఆ సర్వే నంబరుకు వర్తిస్తాయో లేదో తహసీల్దారు దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోవాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, అంటే 22-ఎ నిషేధిత జాబితాలో నంబరు ఉంటే సబ్ రిజిస్ట్రారు పత్రం ముట్టుకోరు. జాబితా చూడకుండా స్టాంపు డ్యూటీ కట్టేసి తర్వాత తిరుగుతూ కూర్చోవద్దు. హైస్కూలు ఆవరణ బాగుంటుందనిపిస్తుంది గానీ హెడ్మాస్టరు నోటిమాట అనుమతి ఆయన బదిలీతోనే పోతుంది; పైగా సెలవు రోజున గేటుకు తాళం.

సంఘం పేరున రాయించుకోవాలా, పంచాయతీ పేరునా అన్నది తరచూ వచ్చే సందేహం. మా ఓటు పంచాయతీకే. మాజీ సైనికుల సంఘం పెట్టిన తరం పెద్దదైపోతే ఏటా దాఖలు చేయాల్సిన కాగితాలు ఆగిపోతాయి, అధ్యక్షుడు ఎవరన్న తగువొస్తుంది, ఆస్తి మాత్రం అక్కడే ఉంటుంది. పంచాయతీ ఎక్కడికీ పోదు. నేల పంచాయతీది, నిర్వహణ సంఘానిది అని తీర్మానంలోనే రాసుకుంటే ఇద్దరికీ హద్దు తెలుస్తుంది.

హద్దు అంటే అక్షరాలా హద్దురాళ్లే. సర్వేయరు చేత ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ దగ్గరుండే పొలాల కొలతల పుస్తకం) ప్రకారం కొలిపించి, నాలుగు మూలలా రాళ్లు పాతించి, ఆ స్కెచ్ నకలును లామినేట్ చేసి పెట్టాలి. అయిదు సెంట్లంటే 242 చదరపు గజాలు, అంటే 2178 చదరపు అడుగులు. స్తూపం, దాని చుట్టూ అరుగు కలిపి 12 అడుగుల చదరం తీసుకున్నా, ముందు వంద కుర్చీలు, ఒక వరుస ఎన్‌సీసీ పిల్లలు హాయిగా పడతారు. రెండు సెంట్లలో కూడా కట్టొచ్చు, కానీ జనం రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది. రోడ్డు మీద మౌనం నిలవదు.

స్తూపం ముఖం తూర్పుకు ఉంచండి. కార్యక్రమాలు దాదాపు ఎప్పుడూ పొద్దుటిపూటే కాబట్టి ఎదురుగా నిలబడేవాళ్లకు ఎండ వీపు మీద పడుతుంది. పడమటి ముఖంగా కట్టిన చోట పెద్దలంతా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడతారు. ఫొటోల్లో ఒక్క మొహమూ రాదు. అరుగు చుట్టూ నీళ్లు నిలవకుండా రోడ్డు కంటే కనీసం ఒకటిన్నర అడుగు ఎత్తు లేపాలి, ఎందుకంటే సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డే నాలుగంగుళాలు లేస్తుంది.

రాతి మీది పేర్లు

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ప్రభుత్వం ఊరూరా బిగించిన చలువరాతి పలకల్లో, ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని అంకెలే ఉండేవి, పేర్లు ఉండేవి కావు. ఇప్పుడా పలకలు చూసినవాడికి ఆ మనుషులు ఎవరో తెలిసే దారి లేదు. కాబట్టి స్తూపంలో దేనికి డబ్బు తగ్గించినా పేర్ల పలకకు తగ్గించకూడదు.

ఎవరి పేరు ఎక్కాలన్న నియమం పలక చెక్కించకముందే రాసిపెట్టుకోవాలి. సైన్యం రికార్డుల్లో యుద్ధంలో, ఆపరేషన్లలో పోయినవారిని బాటిల్ క్యాజువాల్టీగా, జబ్బుతోనో ప్రమాదంలోనో పోయినవారిని ఫిజికల్ క్యాజువాల్టీగా వేరుచేస్తారు. ఊరికి ఈ తేడా అవసరమా? యూనిఫారంలో ఉండగా పోయిన అందరినీ చేర్చడమే మేలనిపిస్తుంది, ఎందుకంటే ఆ తల్లి ఊళ్లోనే ఉంటుంది, ఏటా ఆ పలక చూస్తుంది. అయితే పేరు పక్కన చోటు, సంవత్సరం ఉన్నదున్నట్టు రాయాలి. కార్గిల్‌లో పోని మనిషిని కార్గిల్ వీరుడని చెక్కితే అది ఆయనకూ గౌరవం కాదు. బతికి తిరిగొచ్చి వృద్ధాప్యంలో పోయిన మాజీ సైనికుల పేర్లు ఇదే పలక మీద కలిపితే మాత్రం పలక అర్థమే మారిపోతుంది. వాళ్లకు పక్కన వేరే పలక పెట్టుకోవచ్చు.

వరుస ఎలా? హోదా ప్రకారం రాస్తే కిందివాడి పేరు కిందే పడుతుంది. 1917లో మొదలైన కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ హోదా, జాతి, మతం తేడా లేకుండా అందరికీ ఒకే గౌరవమన్నదాన్ని తన సూత్రంగా పెట్టుకుంది. మన ఊళ్లకూ అదే సరిపోతుంది. పోయిన తేదీ వరుసలో రాస్తే ఇంకో లాభం: కొత్త పేరు వస్తే చివర చేరుతుంది, పలక మార్చక్కర్లేదు. కింద మూడో వంతు ఖాళీ వదలండి. ఆ ఖాళీ ఎప్పటికీ నిండకూడదని కోరుకుంటూనే వదలాలి.

ఇంటిపేరు, పేరు, హోదా, రెజిమెంటు, చోటు, తేదీ: ఒక్కొక్కరికి ఇవి చాలు. సైన్యం కాగితాల్లో ఇంటిపేరు ఒక్క ఇంగ్లిష్ అక్షరంగా మిగిలిపోతుంది, తెలుగు పేరు హిందీ నోట పడి వేరే రూపం దాలుస్తుంది. పెన్షను పత్రంలో ఉన్నది ఒకటి, ఇంట్లో పిలిచేది ఒకటి. కుటుంబానికి కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీసి చూపించి, సంతకం పెట్టించుకున్నాకే రాయి చెక్కాలి. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే వత్తులు ఎగిరిపోతాయి, "క్ష" విరిగి రెండు ముక్కలవుతుంది. చెక్కేవాడికి తెలుగు రాకపోతే కనిపించింది కనిపించినట్టు చెక్కేస్తాడు. అందుకే ఫైలు పంపేటప్పుడు అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపాలి.

రాయి నల్ల గ్రానైటే మేలు, కానీ చీమకుర్తి గెలాక్సీ వద్దు. వంటగట్టు మీద దాని బంగారు చుక్కలు అందమే, పేర్ల పలక మీద అవే అక్షరాలను మింగేస్తాయి. చుక్కల్లేని నలుపు తీసుకోండి. అక్షరం ఎత్తు అంగుళానికి తగ్గితే ఆరడుగుల దూరం నుంచి పెద్దవాళ్లు చదవలేరు. లేజరుతో గీసినవి పైపైనే ఉంటాయి, వాటికంటే రబ్బరు స్టెన్సిల్ పెట్టి ఇసుకతో రెండు మూడు మిల్లీమీటర్ల లోతు కొట్టించినవి నిలుస్తాయి. రంగు పోయినా గాడి చదవొచ్చు. నిలువు గోడకు పెద్ద పలకను ఉత్త సిమెంటుతో అంటిస్తే ఎండకూ వానకూ రాయి, గోడ వేర్వేరుగా వ్యాకోచించి కొన్నేళ్లలో డొల్లపడుతుంది. వేలితో తట్టి చూస్తే తెలిసిపోతుంది. నాలుగు మూలలా స్టీలు పిన్నులో క్లాంపులో వేయించాలి.

ఇక ఆవిష్కర్త శిలాఫలకం. ముఖ్య అతిథి, గౌరవ అతిథులు, సభాధ్యక్షుడు, దాతలు, గుత్తేదారు: ఇన్ని పేర్లు అమరుల పేర్లకంటే పెద్ద అక్షరాల్లో కనిపించే స్తూపాలు కొల్లలు. దాన్ని అరుగు పక్క గోడకు, మోకాలి ఎత్తున, అరంగుళం అక్షరాల్లో పెట్టండి. అలిగేవాళ్లు అలుగుతారు.

విగ్రహం పెడుతుంటే శిల్పికి ఆ జవాను యూనిఫారం ఫొటోలు కనీసం మూడు వైపుల నుంచి ఇవ్వండి. పతకాలు ఎడమ రొమ్ము మీద ఉండాలి. హోదా గీతలు ఎన్ని, బెరెట్ (సైనికుల మెత్తటి టోపీ) ఎటు వాలాలి, బ్యాడ్జీ ఏ రెజిమెంటుది అన్నది మట్టి నమూనా దశలోనే ఒక మాజీ సైనికుడి చేత చూపించుకోవాలి. పోత పోశాక దిద్దడం ఉండదు.

ఏ రోజున చేయాలి

జులై 26 కార్గిల్ దివస్, డిసెంబరు 16 విజయ్ దివస్ (1971 యుద్ధ విజయం), డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, జనవరి 30 ఉదయం 11 గంటలకు దేశమంతా పాటించే రెండు నిమిషాల మౌనం. ఊళ్లో ఒక్కరే అమరుడైతే ఆయన పోయిన తేదీ. జులై 26 అంటే నడి వానాకాలం, పైగా నాట్ల రోజులు. షామియానా, జనరేటరు, ఖాళీ కుర్చీలు మూడింటికీ సిద్ధపడాలి. జనవరి 14 మాజీ సైనికుల దినం భోగి సమయంలోనే వస్తుంది. పట్నాల్లో ఉన్నవాళ్లంతా ఊళ్లో ఉంటారు కాబట్టి హాజరు చూసుకుంటే దాన్ని మించింది లేదు. పండగ పూట సంతాపమేమిటన్న మాట వస్తే ముందు కుటుంబాలనే అడగండి.

ఇంట్లో ఆబ్దికం తిథి ప్రకారం జరుగుతుంది, ఊరి నివాళి తేదీ ప్రకారం. రెండూ ఒకే రోజు పడితే ఆ ఇంటివాళ్లు మధ్యాహ్నం దాకా బయటికి రాలేరు. నెల ముందే పంచాంగం చూసుకుని పొద్దున్నే ఎనిమిదింటికి ముగించడమో, సాయంత్రం పెట్టడమో చేయాలి.

నివాళి నడిచే తీరు

మొత్తం నలభై నిమిషాలు దాటకూడదు. అందులో అసలు నివాళి పదిహేను నిమిషాలే. ప్రసంగాలు దాని తర్వాతే, ముందు పెట్టారంటే ముఖ్య అతిథి కోసం ఎదురుచూపులతో ఎండ ఎక్కిపోతుంది. తొమ్మిదింటికి అంటే తొమ్మిదింటికే. అతిథి ఆలస్యంగా వస్తే వచ్చినప్పుడు పూలు పెట్టి వెళతారు, మౌనాన్ని ఆయన కోసం ఆపొద్దు.

పోలీసు గార్డు, బ్యూగులర్ (బాకా ఊదేవాడు) కావాలంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఎస్పీకి కనీసం మూడు వారాల ముందు ఉత్తరం పెట్టాలి. దొరికితే వరుస ఇలా ఉంటుంది: సావధాన్, సలామీ శస్త్ర్ (తుపాకీతో వందనం), ఆ తర్వాత శోక్ శస్త్ర్. శోక్ శస్త్ర్‌లో తుపాకీ తలకిందులై, గొట్టం మొన నేలవైపు ఉంటుంది, తలలు వంగుతాయి. బ్యూగులర్ లాస్ట్ పోస్ట్ అనే వీడ్కోలు బాణీ ఊదుతాడు. రెండు నిమిషాల మౌనం. రౌజ్ అనే మేలుకొలుపు బాణీ వినిపించాక తలలు లేస్తాయి, మళ్లీ సలామీ శస్త్ర్. గార్డు దొరకని ఊళ్లో ఎన్‌సీసీ పిల్లలు సావధాన్‌లో నిలబడితే సరిపోతుంది. చెక్క తుపాకులతో అనుకరణలు వద్దు.

బ్యూగులర్ లేనప్పుడు రికార్డింగ్ వాడతారు. ఇక్కడ జరిగే ఘోరాలు అన్నీ ఇన్నీ కావు. యూట్యూబ్‌లో పెడితే లాస్ట్ పోస్ట్‌కు ముందు సబ్బు ప్రకటన వస్తుంది. బ్లూటూత్ స్పీకరు మౌనం నడుమ "కనెక్టెడ్" అని అరుస్తుంది. ఆపరేటరు ఫోనుకు కాల్ వచ్చి సినిమా పాట మోగుతుంది. ఫైలు ముందే దించుకుని, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైరుతో మిక్సరుకు కలపాలి. లాస్ట్ పోస్ట్, రౌజ్ రెండూ వేర్వేరు ఫైళ్లుగా ఉండాలి. ఒకే ఫైలులో ఉంటే నడుమ మౌనం ఎంతసేపన్నది మీ చేతుల్లో ఉండదు.

రెండు నిమిషాలు మైకు ముందు నిలబడ్డవాడికి చాలా పొడుగనిపిస్తుంది. అందుకే నలభై సెకన్లకే "ధన్యవాదాలు" అనేస్తారు. గడియారం చూసే పని వ్యాఖ్యాతకు ఇవ్వకండి, వేరే మనిషికి ఇవ్వండి. ఆయన చెయ్యి దించితేనే రౌజ్. రోడ్డుకు అటొకరు ఇటొకరు వాలంటీర్లు నిలబడి ఆటోలను, ట్రాక్టర్లను ఆపాలి. గుడి మైకు ఆ పది నిమిషాలు ఆపమని ముందురోజే పూజారిగారితో చెప్పాలి.

మౌనం కన్నా ముందు పేర్లు చదవాలి. ఇరవై పేర్లకు మూడు నిమిషాలు పట్టదు. చదివేవారు రెజిమెంట్ల పేర్లు, చోట్ల పేర్లు ముందే పలికి చూసుకోవాలి. ప్రతి పేరుకూ "అమర్ రహే" నినాదం ఇప్పిస్తే పేరు వినపడదు. నినాదాలు చివర జాతీయ గీతం అయ్యాక ఎంత గట్టిగా ఇచ్చినా బాధలేదు.

పుష్పచక్రం అని పూలకొట్లో చెబితే బొకే కట్టి ఇస్తారు. రెండడుగుల గుండ్రటి చక్రం, వెదురు చట్రం మీద కట్టింది, నిలబెట్టడానికి ఇనుప స్టాండు అని విడమరిచి చెప్పాలి. థర్మోకోల్ చట్రం గాలికి బోర్లా పడుతుంది. బంతి, చామంతి మధ్యాహ్నం దాకా నిలుస్తాయి. గులాబీ రేకులు గంటలో వాడతాయి. ప్రతి సంఘమూ విడి చక్రం తెస్తానంటే ఒక్కోదానికి నిమిషం చొప్పున అరగంట పోతుంది. అయిదు చాలు: కుటుంబాలది, పంచాయతీది, మాజీ సైనికులది, బడిది, అధికారులది. మొదటిది కుటుంబాలదే కావాలి. మిగతావాళ్లు వరుసగా వచ్చి విడిపూలు పెడతారు.

వీరనారులు (అమరుల భార్యలు), తల్లిదండ్రులు ముందు వరుసలో, నీడలో, వీపు ఆనుకునే కుర్చీల్లో కూర్చోవాలి. అమరుడి పతకాలు ఇంటివాళ్లు ధరిస్తే అవి కుడి రొమ్ము మీద ఉంటాయి. ఎడమ వైపు సంపాదించిన మనిషికే. మాజీ సైనికులు తలమీద టోపీ లేకుండా చేత్తో సెల్యూట్ చేయరు, సావధాన్‌లో నిలబడతారు. మనం నమస్కారం పెడితే చాలు. చెప్పుల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి: "అందరూ చెప్పులు విప్పండి" అని మైకులో ప్రకటిస్తే బూట్లతో ఉన్న గార్డు ఇరుకున పడుతుంది. అరుగు ఎక్కేవాళ్లు విప్పాలి, యూనిఫారంలో ఉన్నవాళ్లకు వర్తించదు అని పెట్టుకుంటే గొడవ లేదు.

పిల్లలు స్పృహ తప్పడం ప్రతి ఏడూ చూసేదే. ఖాళీ కడుపుతో వచ్చి, మోకాళ్లు బిగించి ఎండలో అరగంట నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. ఇడ్లీ పెట్టి, అసలు నివాళి జరిగే ఆ పదిహేను నిమిషాలకే వరుసలో నిలబెట్టి, బూట్లలో వేళ్లు కదుపుతూ ఉండమని చెప్పాలి.

జెండా దగ్గర తప్పులు

నివాళి కదా అని జెండాను సగం ఎత్తులో కట్టడం ఎక్కువగా కనిపించే తప్పు. సగానికి దించడం ప్రభుత్వం సంతాపం ప్రకటించినప్పుడే, ఊరి కమిటీ నిర్ణయించేది కాదు. విగ్రహానికి ముసుగుగా త్రివర్ణ పతాకం కప్పడం, ఉపన్యాస బల్లకు చుట్టడం 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం కింద నేరం. ముసుగుకు తెల్లగుడ్డో, రెజిమెంటు రంగుల గుడ్డో వాడండి. విప్పే జెండాలో పూలరేకులు పెట్టడానికి జెండా నియమావళి ఒప్పుకుంటుంది. 2022 సవరణతో రాత్రీ పగలూ ఎగరేయొచ్చు, కానీ చిరిగిన జెండా ఒక్కరోజు కూడా ఉండకూడదు. ఊళ్లో రాత్రింబవళ్లు ఎగిరే గుడ్డ గాలికి నెలల్లో అంచులు పీకుతుంది, అందుకే పర్వదినాల్లో ఎగరేసి సాయంత్రం దించుకోవడమే మనకు కుదిరే పద్ధతి. పాడైన జెండాను ఏకాంతంగా, మొత్తంగా కాల్చేయాలి.

మిగతా 364 రోజులు

స్తూపానికి చెడు చేసేది నిర్లక్ష్యం ఒక్కటే కాదు, భక్తి కూడా. నూనె దీపం రాతి మీదే పెడితే గ్రానైటు నూనె పీల్చి మచ్చ పడుతుంది. కర్పూరం వెలిగిస్తే ఆ వేడికి పైపొర పెచ్చులూడుతుంది. కింద ఇత్తడి పళ్లెం పెట్టాలి. పసుపు, కుంకుమ అతుకుల్లోకి దిగితే పోవు. మచ్చ పోవడానికి బాత్రూం యాసిడ్ పోశారంటే అతుకుల సిమెంటు తినేస్తుంది, స్టీలు పిన్నులు తుప్పు పడతాయి. నీళ్లు, కొంచెం షాంపూ, మెత్తటి గుడ్డ: అంతకుమించి ఏదీ వద్దు.

రావి, మర్రి మొలకలు అతుకుల్లో వస్తాయి, పిట్టలు వేసిన గింజలవి. రెండాకుల దశలో పీకితే వేరుతో వస్తాయి. ఏడాది ఆగితే పలక కదులుతుంది. నీడకోసం చెట్టు వేస్తే స్తూపానికి ఇరవై అడుగుల అవతల వేప వేయండి. పంట కోతలప్పుడు చదునైన గచ్చు కనిపిస్తే ధాన్యం ఆరబోస్తారు, తప్పుపట్టలేం. నివాళి తేదీకి వారం ముందు ఎత్తేయాలని దండోరా వేయిస్తే చాలు. ఫ్లెక్సీలకు మాత్రం మొహమాటపడొద్దు. ఒకటి కట్టనిస్తే గ్రిల్లుకు పది వేలాడతాయి. కరెంటు మీటరు పంచాయతీ పేరున ఉంటేనే బిల్లు కడతారు, వ్యక్తి పేరున ఉంటే ఆయన పోయిన ఏడాది లైట్లు ఆరిపోతాయి. గ్యాసు సిలిండరుతో అఖండజ్యోతి నడపాలన్న ఉబలాటం మానుకోండి. వంటింటి సిలిండరు దానికి వాడకూడదు, కమర్షియల్ సిలిండరు ఖర్చు ఏడాది పొడుగునా ఎవరూ భరించరు, కాపలా లేని చోట మంట ప్రమాదం.

వాడిన పుష్పచక్రాలు రెండో రోజు సాయంత్రానికి తీసేయాలి. తడిపూలు రాతి మీద కుళ్లితే మరక మిగులుతుంది. ఇనుప స్టాండ్లు, రిబ్బన్లు విడదీసి దాచుకుంటే వచ్చే ఏడాదికి పనికొస్తాయి. గిఫ్ట్ డీడ్ నకలు, సర్వే స్కెచ్, పంచాయతీ తీర్మానం, పేర్ల పలక అసలు ప్రింటు, కుటుంబాల ఫోను నంబర్లు, గేటు తాళం రెండో చెవి, ఇవన్నీ ఒక ఇనుప పెట్టెలో పెట్టి పంచాయతీ కార్యాలయంలో ఉంచండి. కొత్త సర్పంచి వచ్చిన వారంలోనే పెట్టె తెరిచి చూపించి, రిజిస్టరులో సంతకం తీసుకోండి.